ఇంటరప్ట్ జోలికి పోకుండా ప్యాచ్ రివ్యూ చేయడం ఎలా

నెట్‌వర్క్ కార్డును నడిపే డ్రైవర్‌లో ఇంటరప్ట్ (పని పడిందని కార్డు ప్రాసెసర్‌ను పిలిచే పిలుపు) హ్యాండ్లింగ్ మార్చిన ప్యాచ్, అంటే కోడ్ సవరణ, ఒకటి రివ్యూకని మీ నెత్తిన పడిందా? కంగారు పడకండి. ముందు వేరియబుళ్ల వరుస చూడండి. లైనక్స్ నెట్‌వర్కింగ్ కోడ్‌లో ఒక కట్టుబాటు ఉంది: పొడుగు డిక్లరేషన్ పైన, పొట్టిది కింద ఉండాలి. దాన్ని తలకిందుల క్రిస్మస్ చెట్టు అంటారు. ఎక్కడో ఓ చోట పొట్టి వేరియబుల్ ఒకటి పొడుగుదాని నెత్తినెక్కి కూర్చునే ఉంటుంది. పట్టుకోండి. సగం రివ్యూ అయిపోయినట్టే. మిగతా సగానికి కామెంట్లలో స్పెల్లింగులున్నాయి.

ఎగతాళి అనుకునేరు, ఈ పద్ధతికి గట్టి ఆధారమే ఉంది. వరుస తప్పిందా లేదా అన్నది ఎవరికైనా కనబడుతుంది. మనకు తెలియనిది బయటపడే ప్రమాదం బొత్తిగా లేదు. అదే "ఇంటరప్ట్ మళ్లీ ఆన్ చేశాక రింగ్ ఇంకోసారి చూడక్కర్లేదా?" అని అడిగామనుకోండి, "ఎందుకు చూడాలి?" అని అవతలివాడు ఎదురడుగుతాడు. అప్పుడు చిప్ డేటాషీట్ తెరవాలి. పరువున్న మనిషెవరూ కోరి డేటాషీట్ తెరవరు.

అసలా రింగ్ గొడవేమిటో కాస్త చెప్పుకోవాలి. వచ్చిన ప్యాకెట్లు ప్రాసెసర్ తీసుకునేదాకా వరుసలో ఆగే చోటే రింగ్. 10 గిగాబిట్ల లింక్ మీద అతి చిన్న ప్యాకెట్లు సెకనుకు దాదాపు కోటీ 49 లక్షలు రాగలవు. అంటే ఒక్కోదానికి 67 నానోసెకన్లు. ప్రతిదానికీ ఇంటరప్ట్ కొడితే ప్రాసెసర్‌కు "వస్తున్నా, వస్తున్నా" అనడంతోనే సరిపోతుంది, వచ్చి చేసే పని ఏమీ ఉండదు. 1996లో జెఫ్రీ మోగల్, కె.కె. రామకృష్ణన్ ఈ దుస్థితిని విడమరిచి చెప్పి, పోలింగ్ (పిలుపు కోసం ఆగకుండా ప్రాసెసరే వెళ్లి చూసుకోవడం) వైపు దారి చూపించారు. లైనక్స్‌లో న్యాపి అనే పద్ధతి వచ్చింది ఆ దారిలోనే. మొదటి ప్యాకెట్‌కు ఇంటరప్ట్ మోగుతుంది. దానికి పలికే కోడ్, అంటే హ్యాండ్లర్, కార్డు నోరు మూయించి, పని పోల్ ఫంక్షన్‌కు అప్పజెప్పి తప్పుకుంటుంది. పెళ్లిలో వచ్చినవాడికి వచ్చినట్టు వడ్డించకుండా బంతి వేసినట్టు, పోల్ మామూలుగా విడతకు 64 ప్యాకెట్ల దాకా తీస్తుంది. రింగ్ ఖాళీ అయ్యాక ఇంటరప్ట్ మళ్లీ ఆన్ చేస్తుంది.

ఆ "మళ్లీ ఆన్" దగ్గరే ఉంది కిటుకంతా. రింగ్ ఖాళీ అని చూసుకోవడానికీ, ఇంటరప్ట్ ఆన్ చేయడానికీ మధ్య సన్నటి సందు ఒకటుంటుంది. సరిగ్గా ఆ సందులో ప్యాకెట్ వస్తే కొన్ని చిప్‌లు గుర్తుపెట్టుకుని ఇంటరప్ట్ ఆన్ కాగానే మోగిస్తాయి, కొన్ని మోగించవు. మోగించని చిప్‌లో ఆ ప్యాకెట్, ఇంకోటి వచ్చేదాకా అలా పడి ఉండాల్సిందే. కుళ్లే ప్యాకెట్ అని దానికో పేరు కూడా ఉంది. "ఉన్నావా?" అని అడిగి జవాబుకు పట్టే సమయం చూపే పింగ్ కొడితే దొరికిపోతుంది. మిల్లీసెకను లోపు రావాల్సిన జవాబు 1000 మిల్లీసెకన్లకు వస్తుంది. పింగ్ సెకనుకొకటి పంపుతుంది కదా, రెండోది వచ్చి మొదటిదాన్ని లేపుతుందన్నమాట.

మరి టెస్ట్ చేయలేదా అంటారేమో. ఎందుకు చేయలేదు? "ఐపర్ఫ్‌లో 9.41 గిగాబిట్లు" అని, వేగం కొలిచే ఆ పరీక్ష ఫలితం ప్యాచ్ వివరణలో గర్వంగా రాసే ఉంటుంది. రాక ఏమవుతుంది? ఒక ప్యాకెట్ వెనక ఇంకోటి తరుముకొస్తుంటే కుళ్లే తీరిక దేనికుంటుంది? అర్ధరాత్రి దాటాక, పనిలేక కునుకు తీస్తున్న సర్వర్ మీద మాత్రం ఎవరికో "నెట్ స్లో" అవుతుంది. టికెట్ పడుతుంది. పొద్దున చూసేసరికి ట్రాఫిక్ పెరిగి అంతా భేషుగ్గా ఉంటుంది. "మా దగ్గర రావడం లేదు" అని టికెట్ మూసేస్తారు. అబద్ధం కూడా కాదు పాపం.

ఒకే డేటా మీద ఇద్దరు ఒకేసారి చెయ్యి వేయకుండా పెట్టే లాకుల గురించి ఎక్కువ చెప్పను. హ్యాండ్లర్ పట్టుకునే లాక్‌నే మామూలు కోడ్ ఇంటరప్టులు ఆపకుండా పట్టుకుందంటే, ఏదో ఒక రోజు అదే సీపీయూ మీద తనకోసం తానే ఎదురుచూస్తూ నిలబడిపోతుంది. లాకుల తప్పులు పట్టే లాక్‌డెప్ ఆన్ చేసి నడిపితే అరిచి మరీ చెబుతుంది. కానీ మెషిన్ స్లో అవుతుందని దాన్ని ఆఫ్‌లో పెడతారు.

వీటన్నిటిలో నాకు ముద్దొచ్చే మార్పు వేరే ఉంది. ఒకే ఇంటరప్ట్ లైనును రెండు మూడు పరికరాలు పంచుకున్నప్పుడు, ప్రతి హ్యాండ్లర్ తన స్టేటస్ రిజిస్టర్ చూసుకుని "నాదే" అనో, "నాది కాదు" అనో చెప్పాలి. ఎవరూ నాది అనకపోతే కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) లెక్క రాసుకుంటుంది. లక్ష ఇంటరప్టుల్లో 99,900 మించి అనాథలైతే "నోబడీ కేర్డ్" అని లాగ్‌లో పడేసి ఆ లైను మూసేస్తుంది. మన ఆఫీసుల్లో ఇంత ఓపికా లేదు, ఇంత నిజాయితీ అసలే లేదు. లాగ్‌లో ఆ మాట చూసి మేనేజర్‌కు టెన్షన్. డెవలపర్ ఆలోచించి, రిజిస్టర్ చూడకుండానే ఎప్పుడూ "నాదే" అనేలా హ్యాండ్లర్‌ను మార్చేస్తాడు. మెసేజ్ మాయం. ఇప్పుడు లైను గోల పెడుతూనే ఉంటుంది, ఒక కోర్ పొద్దస్తమానం దానికే ఊడిగం చేస్తుంటుంది, కెర్నల్ మాత్రం ఎవరో చూసుకుంటున్నారులే అని నిశ్చింతగా ఉంటుంది. ఆ మార్పు మీద వచ్చిన రివ్యూ కామెంట్: "రిటర్న్‌కు ముందు ఒక ఖాళీ లైను వదలండి."

వదిలారు. ఆ మీదట "రివ్యూడ్-బై", అంటే చూసి ఒప్పుకున్నానన్న ముద్ర, కూడా పడింది.

అందుకే నాదొక ప్రతిపాదన. రివ్యూడ్-బై ట్యాగును వరుసలూ స్పెల్లింగులూ చూసేవారికే వదిలేసి, ఇంటరప్ట్ ఆన్, ఆఫ్ చేసే ఆ మూడు నాలుగు లైన్లు నిజంగా చదివినవారికి వేరే ట్యాగ్ పెట్టాలి. ముసాయిదా నలుగురికీ చూపించాను. ట్యాగ్ అవసరమా కాదా అని ఒక్కరూ అడగలేదు. పేరులో హైఫన్ ఒకటుండాలా రెండుండాలా అన్న దాని మీద మాత్రం అభ్యంతరాలు వచ్చిపడుతున్నాయి. అవి తేలగానే రెండో వెర్షన్ పంపిస్తాను.