ఫామ్-2 చేతికొచ్చాక ఆట ఎక్కడ ఆడాలి?

హన్మకొండలో ఓ సాయంత్రం అమ్మాయిల హ్యాండ్‌బాల్ ప్రాక్టీస్ చూశాను. మట్టి గ్రౌండ్. సున్నంతో గీసిన ఆరు మీటర్ల గీత అప్పటికే సగం చెరిగిపోయింది. నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఓ ఇంటర్ అమ్మాయి ఎడమ వింగ్‌లో ఆడుతోంది. బంతి తన వైపు వస్తోందంటే చాలు, అరచేతిని ట్రాక్ ప్యాంట్‌కేసి రుద్దుకుంటోంది. దుమ్ము పట్టిన బంతి చేతిలో నిలవదు మరి. మూడు అడుగులు వేసి, గీత దగ్గర గాల్లోకి లేచి విసిరింది. బంతి కీపర్ కాళ్ల మధ్య నుంచి గోల్‌లోకి పోయింది. కింద పడ్డప్పుడు మోచెయ్యి చెక్కుకుపోయింది. దులుపుకొని వెనక్కి పరుగెత్తింది. ప్రాక్టీస్ అయ్యాక ఎన్నాళ్లు ఆడతావమ్మా అని అడిగాను. "ఫామ్-టూ వస్తే సాలు సార్. దాని తర్వాత యాడ ఆడాలె?" అంది.

ఫామ్ అంటే ఏ స్థాయిలో ఆడారో చెప్పే క్రీడా సర్టిఫికెట్. క్రీడాకారులున్న ఇళ్లలో ఈ ఫామ్‌ల లెక్క అందరికీ తెలుసు. స్కూల్ నేషనల్స్ ఆడితే ఫామ్-4, ఇంటర్ యూనివర్సిటీ ఆడితే ఫామ్-3, రాష్ట్రం తరఫున నేషనల్స్ ఆడితే ఫామ్-2, దేశానికి ఆడితే ఫామ్-1. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి ఈ కాగితమే ఆధారం. ఉద్యోగం కోసం ఆడటం తప్పని నేను ఎప్పటికీ అనను. కూలీకి పోతే తప్ప పూట గడవని ఇంట్లో, కూతురిని ఆటకు పంపడానికి తల్లిదండ్రులకు ఓ భరోసా కావాలి. కాకపోతే ఇందులో ఒక మెలిక ఉంది. రాష్ట్ర ప్రభుత్వ కొలువుల్లో ఇచ్చే రెండు శాతం కోటా, ఆడినందుకు ఇచ్చే బహుమతి లాంటిది. కొలువులో చేరాక ఆట ఆడమని అడిగేవాళ్లు తక్కువ. కొలువు రానివాళ్ల సంగతి సరే సరి, డిగ్రీ అవగానే షూస్ అటక మీదికి పోతాయి. జీతమిస్తూ ఆడించేది ప్రధానంగా రైల్వే, పోలీసు, సాయుధ బలగాల జట్లే. మన దేశంలో మహిళా హ్యాండ్‌బాల్‌కు ప్రొఫెషనల్ కెరీర్ అనదగ్గది అదొక్కటే. కాజీపేట జంక్షన్ పక్కనే పెరిగిన పిల్లలకు రైల్వే కొలువు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. కానీ ఆ ఖాళీలు ఎన్ని పడతాయి, అందులో హ్యాండ్‌బాల్‌కు ఎన్ని దక్కుతాయి?

అసలు నష్టం వయసు దగ్గర ఉంది. ఈ ఆటలో అమ్మాయిలు ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకు పండరు, అప్పుడే పూతకొస్తారు. డిఫెన్స్‌లో ఎదుటి మనిషి భుజం చూసి బంతి ఎటు పోతుందో పసిగట్టడం ఏళ్ల తరబడి మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది. రొమేనియాకు చెందిన క్రిస్టినా న్యాగు 1988లో పుట్టింది. ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి అవార్డును నాలుగుసార్లు అందుకుంది. 2010లో మొదటిది, 2018లో నాలుగోది. అంటే ముప్పై ఏళ్లప్పుడు కూడా ఆమే మేటి. నార్వే గోల్‌కీపర్ కాత్రినె లుండె 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచేనాటికి ఆమెకు 44 ఏళ్లు. మన దగ్గర ఆ వయసు ఆడమనిషి గోల్ ముందు నిలబడితే జనం వింతగా చూస్తారు.

వాళ్లది దేవుడిచ్చిన ఒళ్లేమీ కాదు. న్యాగు మోకాలి లిగమెంట్ తెగి నెలల తరబడి ఆటకు దూరమైంది. భుజం గాయం వేరే. ఇంత జరిగినా మళ్లీ ఆడగలిగిందంటే కారణం, ఎదురుచూసే క్లబ్ ఉంది, నెలనెలా జీతం ఉంది. ఫ్రాన్స్‌లో 2021లో మహిళల లీగ్‌కు ఒక ఉమ్మడి ఒప్పందం కుదిరింది. గర్భం దాల్చిన క్రీడాకారిణికి ఏడాది పాటు జీతం ఇవ్వాలని అందులో రాసుకున్నారు. ఇక్కడ పెళ్లి కుదిరిందన్న మాటతోనే సెలెక్షన్ లిస్టులోంచి పేరు జారిపోతుంది.

మోకాళ్ల విషయంలో మనం పైసా ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. ప్రాక్టీస్ మొదట్లో పదిహేను, ఇరవై నిమిషాలు ఒంటికాలి మీద నిలబడటం, దూకి మోకాలు లోపలికి వంగకుండా దిగడం లాంటివి చేయించి నార్వేలో పిల్లల హ్యాండ్‌బాల్ జట్ల మీద పరిశోధన చేశారు. మోకాలు, చీలమండ గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. ఏ ఊరి పీఈటీ సారైనా రేపటి నుంచే చేయించొచ్చు. గట్టినేల మీద దూకే మన పిల్లలకు ఇది ఇంకా అవసరం.

సత్తా లేదా అంటే ఉంది. 2022లో కజకిస్తాన్‌లోని అల్మాటీలో మన దేశ జూనియర్ అమ్మాయిలు థాయ్‌లాండ్‌ను ఓడించి ఆసియా టైటిల్ గెలిచారు. హిమాచల్‌లోని మోర్‌సింఘీ అనే చిన్న ఊళ్లో స్నేహలత అనే కోచ్ ఒక హ్యాండ్‌బాల్ నర్సరీ, అంటే పిల్లలకు ఆట నేర్పే కేంద్రం, నడిపి, అమ్మాయిలను దేశం జట్టు దాకా పంపారు. కానీ 2023లో జైపూర్‌లో ప్రీమియర్ హ్యాండ్‌బాల్ లీగ్ పెట్టినప్పుడు, మన పేరుతో తెలుగు టాలన్స్ జట్టు దిగినప్పుడు, అది మగవాళ్ల లీగే.

పతకం తెస్తే ప్రభుత్వం ఆదుకుంటుంది కదా అని కొందరంటారు. నిజమే. పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజికి, నిజామాబాద్ నిఖత్ జరీన్‌కు దక్కిన గౌరవం చూసి మనసు నిండింది. కాకపోతే పరుగు, బాక్సింగ్ ఒక్కరి ఆటలు. ఒక్కరు మెరిస్తే పతకం వస్తుంది. హ్యాండ్‌బాల్‌లో ఏడుగురు దిగాలి, బెంచి మీద ఇంకో ఏడుగురు సిద్ధంగా ఉండాలి. ఒక్క పిల్ల ఎంత బాగా ఆడినా మిగతా వాళ్లు డిగ్రీతో ఆపేస్తే పతకం ఎక్కడి నుంచి వస్తుంది? పతకం తర్వాత ఇచ్చే కోటి రూపాయలు ఈ ఆట గడప తొక్కవు. దీనికి కావాల్సింది పతకానికి ముందు ఇచ్చే నెల జీతం.

వరంగల్‌లో అలాంటి జట్టు ఒకటి పెట్టడం కొండను మోసే పనేమీ కాదు. పద్నాలుగు మంది. పొద్దున గురుకులాల్లో పిల్లలకు ఆట నేర్పే ఉద్యోగం, సాయంత్రం తమ ప్రాక్టీస్. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్‌లలోనూ ఒక్కో జట్టు ఉంటే ఆదివారం ఆదివారం మ్యాచ్‌లు పెట్టుకోవచ్చు, బస్సులో పోయి రాత్రికల్లా ఇల్లు చేరే దూరమే చాలా వరకు. యూరప్‌లో సీజన్ పొడవునా వారం వారం ఆడతారు. మన అమ్మాయి ఏడాదికి ఒకటో రెండో టోర్నమెంట్లు ఆడి, మిగతా రోజులన్నీ సెలెక్షన్స్ ఎప్పుడని వాట్సాప్ గ్రూపులో చూసుకుంటుంది.

ఆ నర్సంపేట పిల్లకు ఇప్పుడు పదిహేడేళ్లు. ఆమె డిగ్రీ పూర్తయ్యేలోపు ఆ జట్టు ఉండాలి.