పంతొమ్మిదో ఏట పాలన మొదలుపెట్టిన రాజుగారు

ఉద్యోగంలో చేరని రోజులకు కూడా సర్వీసు లెక్క కట్టించుకోవడం ఎలాగో తెలియక సతమతమవుతున్న వారందరూ ఫ్రాన్సు రాజు పద్దెనిమిదో లూయీ గారి చరిత్రను శ్రద్ధగా చదవవలసి ఉంది. 1814 మే 3న పారిస్‌లో అడుగుపెట్టిన ఆ మహానుభావుడు, జూన్ 4న ప్రజలకు దయతో ప్రసాదించిన రాజ్యాంగ పత్రం మీద తమ పాలనలో అది పంతొమ్మిదో సంవత్సరమని తేదీ వేయించారు. అన్న కొడుకు పదేళ్ల ప్రాయంలో ఫ్రెంచి విప్లవకారుల చెరలో కన్నుమూసిన 1795 నుంచి తామే రాజు గనుక, ఇటలీలోని వెరోనా మొదలు ఇంగ్లండులోని హార్ట్‌వెల్ భవనం దాకా గడిపిన ప్రవాసమంతా పరిపాలనే అయిందన్నమాట. ఈ లెక్కన 1805 నాటి ఆస్టర్‌లిట్జ్ యుద్ధ విజయం కూడా ఆయన హయాంలోనిదే. నెపోలియన్ అనే ఇన్‌ఛార్జి కాస్త చొరవ ఎక్కువ తీసుకున్నాడనుకోవాలి.

నెపోలియన్‌ను ఓడించిన మిత్రరాజ్యాలు ఈ కాలగణనను గౌరవించాయి. మే 30 నాటి పారిస్ సంధిలో నష్టపరిహారం ఒక్క ఫ్రాంకు కూడా అడగకుండా, ఫ్రాన్సుకు 1792 జనవరి 1 నాటి హద్దులను, పైపెచ్చు కొంత భూమిని కట్టబెట్టాయి. చిక్కల్లా ఒక్కటే: ఆ జనవరి 1న లూయీ గారు ఫ్రాన్సులోనే లేరు, అంతకు ఆరు నెలల ముందే మారువేషంలో సరిహద్దు దాటేశారు. ఫ్రాన్సు తరఫున సంతకం చేసిన టాలీరాండ్ మాత్రం బిషప్పుగా మొదలై, విప్లవాన్ని కొలిచి, డైరెక్టరీ అనే విప్లవకాలపు ప్రభుత్వానికీ నెపోలియన్‌కూ విదేశాంగ మంత్రిగా ఉండి, ఇప్పుడు రాజుగారికీ అదే మంత్రి. న్యాయంగా సర్వీసు లెక్క దక్కవలసింది ఆయనకే.

మన యానాం కూడా ఆ 1792 లెక్కలోనే ఫ్రెంచివారికి తిరిగి దక్కింది, కోటలు కట్టరాదని, పోలీసు పనికి చాలినంతమంది సిపాయిలనే ఉంచాలని షరతు పెట్టి. బానిసల వ్యాపారం సహజ న్యాయానికి విరుద్ధమని బ్రిటన్, ఫ్రాన్సు ఒక అదనపు నిబంధనలో ఒప్పుకుని, మానడానికి ఫ్రాన్సుకు ఐదేళ్ల గడువిచ్చాయి. అధర్మాన్ని ఉన్నపళాన మానేయడం మర్యాద కాదు కదా.

ఎల్బా ద్వీపానికి పంపిన నెపోలియన్‌కు ఏటా 20 లక్షల ఫ్రాంకులు ఇస్తామని వేరే ఒప్పందం ఉంది. తమ హయాంలో లేనేలేని చక్రవర్తికి భత్యమేమిటని కాబోలు, రాజుగారు చెల్లించలేదు. 1815 మార్చి 20న బాకీదారుణ్ణి వెతుక్కుంటూ ఆ మనిషి స్వయంగా పారిస్ చేరేసరికి, రాజుగారు ముందురాత్రే బయలుదేరి మళ్లీ పరదేశం నుంచి పాలించడానికి వెళ్లారు.

వాటర్‌లూ యుద్ధంలో నెపోలియన్ ఓడిపోయాక రాజుగారు జులై 8న తిరిగొచ్చారు. నవంబరు 20 నాటి రెండో సంధి 70 కోట్ల ఫ్రాంకుల పరిహారం, లక్షన్నర విదేశీ సైన్యం మోపి, హద్దులను 1790కి జరిపింది. ఆ ఏడాది ఆయన పారిస్‌లోనే ఉన్నారు గనుక, కనీసం ఆ తప్పయినా దిద్దినట్టయింది.