మహారాజశ్రీ ఓజోన్ యంత్రం గారికి

మహారాజశ్రీ ఓజోన్ యంత్రం గారి దివ్యసముఖమునకు, మిషిగన్ రాష్ట్రంలో నవంబరు చలికి గజగజలాడుతూ జింకల వేటకు పోయే ఒకానొక తెలుగువాడు నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఇక్కడ మేమంతా క్షేమం. జింకలు అంతకన్నా క్షేమం. రెండోదాంట్లో తమరి చెయ్యి ఉందని నా అనుమానం. అందుకే ఈ ఉత్తరం.

తమరు మా ఇంటికి వేంచేసింది మా బావమరిది చలవ వల్ల. నాలుగైదు వందల డాలర్లు పోసి తెచ్చుకున్నాడు. చెట్టుకు తగిలించే కొక్కెం, బట్టలు పెట్టుకునే సంచీ, ఇంకో బ్యాటరీ, వీటికి మళ్లీ విడిగా సమర్పించుకున్నాడు. చెట్టు మీద మంచెలో కూర్చున్నవాడి నెత్తికి కాస్త పైన తమర్ని బిగించాలి. తమరు ఓజోన్ ఊదుతారు. అది మనిషి వాసనను గాల్లోనే పట్టి మింగేస్తుంది. గాలివాలున నిలబడ్డ జింకకు ఆ చుట్టుపక్కల మనిషి ఉన్నాడన్న సంగతే తెలియదు. ఇదీ తమరి స్థలపురాణం. అది విన్న రోజు నుంచి మావాడిది ఒకటే ధీమా. "గాలి ఎటు వీస్తే మనకేంటి బావా, మిషన్ ఉందిగా!"

మన ఊళ్లలో ఇది చదివేవాళ్లు కంగారు పడొద్దు, మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది, కృష్ణజింకను ముట్టుకుంటే జైలే. ఇక్కడి లెక్క వేరు. మిషిగన్‌లో ఏటా నవంబరు 15 నుంచి 30 దాకా తుపాకి వేట కాలం, లైసెన్సు కొనుక్కుని వెళ్లొచ్చు. వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకి పట్టకూడదు కానీ, చెల్లే వేట లైసెన్సు ఉంటే ఫెడరల్ చట్టమే మినహాయింపు ఇస్తుంది. మనవాళ్లు కొందరు అలాగే అడవిలోకి అడుగుపెట్టారు. ఒంటి మీద కణకణలాడే నారింజ రంగు కోటు తప్పనిసరి. అది జింక కంటికి పెద్దగా ఆనదు. దాని కన్నుతో ఎలాగోలా నెట్టుకురావచ్చు, చిక్కంతా ముక్కుతోనే.

ముందు తమరికి దక్కాల్సిన మర్యాద దక్కనిద్దాం. ఓజోన్ ఉత్తదేం కాదు. ఫ్రాన్స్‌లోని నీస్ నగరం 1906 నుంచే తాగునీటిని దాంతో శుద్ధి చేసింది. కాలిపోయిన ఇళ్లలో పొగ కంపు, సెకండ్ హ్యాండ్ కార్లలో సిగరెట్ కంపు వదిలించడానికి ఇప్పటికీ తమ కులస్థులనే పిలుస్తారు. కాకపోతే అక్కడ తలుపులు మూసి ఉంటాయి, లోపల మనిషి ఉండడు, మోతాదు ఘాటుగా ఉంటుంది, పని గంటల తరబడి సాగుతుంది. మా మంచెకు తలుపుల్లేవు, గోడల్లేవు. మనిషి మాత్రం ఉన్నాడు, నిక్షేపంలా తమరి కిందే కూర్చుని వాసన కొడుతున్నాడు.

తమరికి లెక్కలు పడవని తెలుసు, అయినా ఒక్కటి వినాలి. సెకనుకు 2 మీటర్ల వేగంతో వీచేది చాలా మెత్తని గాలి, ఆకులు సన్నగా కదులుతాయి, అంతే. ఆ గాలి మా బావమరిది చంకలో పుట్టిన వాసనను 50 మీటర్ల దూరంలో ఉన్న జింక ముక్కు దాకా 25 సెకన్లలో దిగబెడుతుంది. తమరి చేతిలో ఉన్న టైము అంతే. మరి తమరెంత చురుకు? నిమ్మతొక్కలో ఉండే లిమొనీన్ ఓజోన్‌తో గబగబా కలిసే సరుకు. ఇక్కడి కార్మిక భద్రతా చట్టం ఎనిమిది గంటల పనికి సగటున ఒప్పుకునే ఓజోన్ పరిమితి 0.1 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 0.1 పాలు. అంత ఓజోన్ గాల్లో ఉన్నా లిమొనీన్‌లో సగానికి పైగా ఖర్చవడానికి సుమారు అరగంట పడుతుంది. మన ఊపిరిలో వచ్చే ఐసోప్రీన్‌కైతే ఎనిమిది గంటల పైమాటే. పాదాల చెమట కంపుకు మూలమైన ఐసోవలెరిక్ ఆమ్లం జోలికి ఓజోన్ దాదాపు పోనే పోదు. పోనీ, తమరు పదింతలు ఊదారనుకుందాం. లిమొనీన్‌కే మూడు నిమిషాలు. జింక ఈపాటికి పక్క జిల్లాలో ఉంటుంది.

ఇంకో ముచ్చట. మన చర్మం మీది జిడ్డులో స్క్వాలీన్ అనే నూనె, దాంతోపాటు కొన్ని కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. ఓజోన్ వాటి మీద పడితే ముక్కలు చేస్తుంది, నిజమే. ఆ ముక్కలు ఎటూ పోవు. అసిటోన్, డెకనల్ లాంటి కొత్త పదార్థాలై మళ్లీ గాల్లోకే లేస్తాయి. డెకనల్ నారింజ తొక్కలో ఉండే వాసన. అంటే తమరు వాసనను చెరపలేదు స్వామీ, దానికి వేషం మార్చారు. మిషిగన్ అడవిలో నవంబరులో నారింజ పండ్లు ఎక్కడివి? పైగా తమరి సొంత పరిమళం ఒకటుంది. మండలాఫీసు ఎదురుగా జిరాక్స్ సెంటర్లో మిషన్ వేడెక్కినప్పుడు ముక్కుకు ఘాటుగా తగులుతుందే, అదే. జింక జన్మలో జిరాక్స్ తీయించుకోలేదు. కొత్త వాసన వస్తే నిలబడి ఆలోచించడం మాత్రం దానికి పుట్టుకతో వచ్చిన విద్య.

మొన్న సీజన్లో ఒక సాయంత్రం ఏం జరిగిందో తమరూ పైనుంచి చూశారు. పొద్దు వాలుతోంది. తమరు నెత్తిన సన్నగా గుయ్‌మంటున్నారు. ఓక్ చెట్ల మధ్యనుంచి ఒక ఆడజింక వచ్చింది, వెనకాల ఏడాది పిల్ల. ఆకులు నమలడం ఆపింది. నాలుకతో ముక్కు తడుపుకుంది. మెడ చాచి గాలిని ఒకసారి పీల్చి, తల వంచి మేస్తున్నట్టు నటించి, టక్కున మళ్లీ లేపింది. అదో ఎత్తు, కదిలేవాడెవడైనా ఉంటే దొరికిపోతాడని. ముందుకాలు ఎత్తి నేలను టప్‌మని తన్నింది. ఇంకోసారి తన్నింది. తర్వాత ముక్కుతో ఫూమని అడవంతా వినిపించేలా ఊది, తోక తెల్లగా పైకెత్తి పిల్లతో సహా మాయమైంది. ఆ ఊపుతో చుట్టూ ఉన్న జింకలన్నిటికీ కబురు అందింది. తమరు ఇంకా గుయ్‌మంటూనే ఉన్నారు. మా బావమరిది పైకి చూసి, "బ్యాటరీ వీకైనట్టుంది బావా" అన్నాడు. చూడండి, భక్తి అంటే అదీ!

తమరి భక్తులు ఇంకా ఉన్నారు. గాలివాలున జింక వచ్చినా ఉలకలేదు పలకలేదు, ఇదంతా మిషన్ మహిమే అంటారు. ఇరవై అడుగుల ఎత్తున కూర్చున్నవాడి వాసన ఒక్కోసారి జింక తల మీదుగా పోతుంది. ఏ యంత్రమూ లేని రోజుల్లోనూ అలా ఎన్నో జింకలు వాలునే వచ్చాయి. ఇక వాసన తగిలి, మంచె కనబడేంత దూరం కూడా రాకుండానే వెనక్కి తిరిగిన జింకల సంగతి? వాటిని చూసినవాడు లేడు, కాబట్టి అవి లెక్కలోకి రావు. ఇంత సుఖమైన ఆడిట్ ఏ కంపెనీకీ దొరకదు. తమరికన్నా ముందు, మనిషి వాసనను పీల్చేస్తాయంటూ కార్బన్ పొర వేసిన బట్టలు ఇలాగే ఏలాయి. 2002లో జాన్ షివిక్ అనే శాస్త్రవేత్త వెతుకుడు కుక్కలతో వాటిని పరీక్షించి, ఆ బట్టలు తొడుక్కున్నా కుక్కల పని ఆగలేదని తేల్చాడు. తేడా తెచ్చింది బట్టలు కాదు, వాతావరణం.

ఆరోగ్యం మాట కూడా ఒకటుంది. మనుషులుండే గదుల్లో ఓజోన్ వదిలే యంత్రాలను ఏ ఫెడరల్ సంస్థా ఆమోదించలేదని ఇక్కడి పర్యావరణ సంస్థ రాతపూర్వకంగా చెబుతోంది. బయటి గాలికి అది పెట్టిన పరిమితి ఎనిమిది గంటల సగటున 0.070 పీపీఎం. ఎండాకాలంలో ఓజోన్ పెరిగే రోజుల్లో, పెట్రోలు చీకటి పడ్డాక పోయించుకోండి, గడ్డి కోసే మిషన్లు తీయొద్దు అని మాకు హెచ్చరికలు వస్తాయి. జులైలో దేన్ని తగ్గించడానికి ఊరంతా కష్టపడుతుందో, నవంబరులో దాన్నే డబ్బిచ్చి నెత్తిన పోయించుకుంటున్నాం. తమరి సంచీలో రాత్రంతా ఓజోన్‌లో ఊరిన మావాడి ప్యాంటు ఎలాస్టిక్ సీజన్ సగంలోనే బీటలు వారింది. ఓజోన్‌కూ రబ్బరుకూ పడదు, పాతకాలపు వైరం. మంచె దిగేటప్పుడు రెండు చేతులూ నిచ్చెనకే కావాలి. మిగతాది తమరు ఊహించుకోగలరు.

అసలు ఫిర్యాదు ఇప్పుడు చెబుతాను. తమరి మూతి గాలి పోయేవైపు తిప్పిపెట్టాలని వాడకం కాగితంలో ఉంది. అంటే తమర్ని వాడాలన్నా గాలి ఎటో ముందు తెలియాలి. గాలి ఎటో తెలిసినవాడు జింకలు వచ్చే దారికి అవతలి పక్కన మంచె కట్టుకుంటే సరిపోయె, ఇక తమరెందుకు? గాలి సుడులు తిరుగుతూ దిక్కు తెలియని రోజున తమరి మూతి ఎటు తిప్పినా ఒకటే. మరి తమరు పనికొచ్చే రోజు ఏదో కాస్త సెలవివ్వండి.

గాలి తెలుసుకోవడానికి ఇక్కడి ముసలి వేటగాళ్లు మిల్క్‌వీడ్ దూదిని జేబులో పెట్టుకుంటారు. మన జిల్లేడుకు దాయాది మొక్క అది, కాయ పగిలితే అదే పట్టులాంటి దూది. ఒక్క పోగు వదిలితే చాలు, కంటి ముందే నెమ్మదిగా తేలుతూ, ముప్ఫై గజాల అవతల పల్లం దగ్గర ఠక్కున మలుపు తిరిగి ఎటు పోతుందో చూపిస్తుంది. పొద్దున ఎండ ఎక్కేకొద్దీ గాలి ఏటవాలు నేల వెంట పైకి పాకుతుంది, సాయంత్రం చల్లబడగానే నీళ్లలా పల్లానికి జారుతుంది. ఆ సాయంత్రం మంచె ముందున్నది పల్లమే, జింకలు వచ్చింది ఆ పల్లంలోంచే. దూది ఆ సంగతి పైసా తీసుకోకుండా చెబుతుంది, ఛార్జింగ్ కూడా అడగదు.

కావున తమరు మంచె పదవికి రాజీనామా సమర్పించి, మా గరాజులో విశ్రాంతి తీసుకోవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ కింద కూర్చుని తలనొప్పి తెచ్చుకున్న విధేయుడు

తా.క.: పోయిన వారం మావాడి కారు డిక్కీలో రొయ్యల పచ్చడి సీసా పగిలింది. కార్పెట్ కడిగి, అద్దాలన్నీ బిగించి, లోపల ఎవరూ లేకుండా రాత్రంతా తమర్ని ఆన్ చేసి వదిలేశాం. పొద్దున తలుపులు బార్లా తెరిచి గాలాడనిచ్చాక చూస్తే కంపు చాలావరకు పోయింది. ఈ వార్త మన అసోసియేషన్ వాట్సాప్ గ్రూపుకు ఎక్కింది. గోంగూర నూనె ఒలికిన మినీవ్యాన్ వాళ్లు ఒకరు, ఎండుచేపల సూట్‌కేసు వాళ్లు ఇంకొకరు తమరి అపాయింట్‌మెంట్ అడుగుతున్నారు. శనివారం వీలవుతుందా?