మిగతా 44 ఎక్కడ స్వామీ?

మహారాజశ్రీ గార్త్ మరెంగీ గారి డార్క్‌ప్లేస్ అనే బ్రిటిష్ కామెడీ సీరియల్ వారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమేమీ క్షేమంగా లేము.

మొన్న ఆదివారం లండన్ పక్కనున్న స్లౌ నుంచి అక్కాబావగార్లు భోజనానికొచ్చారు. గుత్తివంకాయ మత్తులో నోరు జారి, "2004లో ఛానల్ 4లో వచ్చింది బావగారూ, కడుపు చెక్కలవుతుంది" అని మీ డీవీడీ పెట్టాను. రెండో నిమిషంలోనే ఆయన లేచి టీవీ వెనక్కి దూరారు. మాటకీ పెదవికీ పొంతన లేదు, వైరు లూజైందట. పీకి, ఉఫ్‌మని ఊది, మళ్ళీ గుచ్చారు. డబ్బింగ్ కావాలనే అలా చెప్పారు, ఒక షాట్‌కి ఇంకోటి అతకకపోవడం కూడా కావాలనే అంటే, నావైపు జాలిగా చూసి ఇంకో వైరు పీకారు.

సంగీతానికి మూలం ఈ సీరియల్ తీశానని చెప్పుకునే కల్పిత రచయిత గార్త్ గారి ఈలలని టైటిల్స్‌లో వేసుకున్నారు. సరే, ఓర్చుకున్నాం.

కథ జరిగే ఆసుపత్రిలో నీళ్ళ వల్ల జనం కోతులైపోయే ఎపిసోడ్‌లో బావగారు దారికొచ్చారు. నటుడు రిచర్డ్ అయోయాడే డైలాగ్ అప్పజెప్పి కెమెరాలోకి దొంగచూపు చూసినప్పుడల్లా, "మళ్ళీ చూశాడు, మళ్ళీ చూశాడు!" అని సోఫా మీద చరుస్తున్నారు. చల్లారిన టీ అలాగే ఉంది. ఆరోది అయిపోయింది. "ఊఁ, తర్వాతది పెట్టు."

లేదన్నాను.

"అదేంటి, యాభై తీశామన్నాడుగా?"

చూశారా మీ నిర్వాకం! ఎనభైల్లో యాభై ఎపిసోడ్లు తీశాం, ఛానల్ వాళ్ళు వద్దన్నారు, పెరూలో మాత్రం వేశారు అని గార్త్ వేషం కట్టిన మాథ్యూ హోల్నెస్ ఆ కళ్ళద్దాలు పెట్టుకుని అంత గంభీరంగా చెప్తే పెద్దమనిషి నమ్మడా? అది కల్పన, అసలు తీసిందే ఆరు అని గంటసేపు చెప్పాను. ఆయనకి అర్థమైంది ఒకటే: మిగతా డీవీడీలు కొనలేని పిసినారిని నేను.

ఆరేంటయ్యా, ఆరు? మా అక్క పెళ్ళి వీడియో నీకన్నా పొడుగు! సరుకు తక్కువైతే స్లో మోషన్ పెట్టి నిడివి పెంచామని నువ్వే చెప్పుకున్నావు కదా. అంత విద్య చేతిలో ఉండీ లాగలేకపోయావా? మన సీరియల్ వాళ్ళనడిగితే ఒక్క చెంపదెబ్బని ముగ్గురి మొహాల మీద తిప్పి శుక్రవారం దాకా తెచ్చేవాళ్ళు. పోనీ 2006లో అయోయాడే వేసిన డీన్ లెర్నర్ పాత్రతో టాక్ షో పెట్టారని ఆశపడితే, అదీ ఆరే! మీ ఇంట్లో ఏడో అంకె నిషిద్ధమా? అబద్ధమాడేటప్పుడు యాభై, తీసేటప్పుడు ఆరు. పన్నెండని కోసినా బాగుండేది, ఆరు కోసం ఏడ్చుకునేవాళ్ళం. ఇప్పుడు నలభై నాలుగింటి కోసం ఏడవాలి, అవీ లేనివాటి కోసం!

నిన్న రాత్రి బావగారి ఫోన్. పెరూలో తెలుగు సంఘం ఏదైనా ఉందేమో కనుక్కుంటున్నారట, అక్కడెవరైనా టేపుల్లో రికార్డు చేసి ఉంచుతారని. మళ్ళీ మొదటినుంచి చెప్పబోయి ఆగాను.

దొరికితే నాకూ ఒక కాపీ తీయించమన్నాను.