పాఠం చేతికొచ్చింది, దిద్దేవారే లేరు

తన పాఠ్యసామగ్రిని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడతానని ఎంఐటీ 2001లో ప్రకటించింది. 2011లో సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ స్టాన్‌ఫర్డ్ నుంచి చెప్పిన కృత్రిమ మేధ కోర్సుకు సుమారు 1,60,000 మంది పేరు నమోదు చేసుకున్నారు. పూర్తిచేసినవారు 23,000 మంది దాకా ఉన్నారు. మరుసటేడు ఇలాంటి కోర్సులు అందించే కోర్సెరా, ఎడెక్స్ వేదికలు వచ్చాయి. హార్వర్డ్, ఎంఐటీల ఆన్‌లైన్ కోర్సుల లెక్కలు తీసి 2019లో సైన్స్ పత్రికలో అచ్చయిన అధ్యయనం ప్రకారం, 2017-18లో చేరినవారిలో పూర్తిచేసింది నూటికి ముగ్గురు.

ఈ అంకె చూపించి జనానికి పట్టుదల లేదనేస్తారు. చేరినవారిలో చాలామంది ఊరికే చూసిపోదామని వచ్చేవారే, అది నిజమే. కానీ గట్టిగా నేర్చుకోవాలని కూర్చున్నవారు కూడా మధ్యలో ఎందుకు ఆగిపోతున్నారు? తరగతి గదిలో విడమరిచి చెప్పడం ఒక్కటే జరగదు. నోటుపుస్తకం దిద్దుతారు, బోర్డు దగ్గరికి పిలుస్తారు, ఫలానా తేదీన పరీక్ష అంటారు. తెరమీదికి పూర్తిగా వచ్చింది చెప్పడం ఒక్కటే. మిగతా పనులన్నీ నేర్చుకునేవారి నెత్తిన పడ్డాయి, పడ్డాయని వారికి చెప్పినవారు తక్కువ.

మొదట దెబ్బతీసేది 'అర్థమైపోయింది' అన్న ధీమా. మైకేల్ కార్డస్, ఎడ్ ఓబ్రయన్ 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో డార్ట్ విసిరే వీడియోను కొందరికి ఒకసారి, కొందరికి 20 సార్లు చూపించారు. ఎక్కువసార్లు చూసినవారికి నమ్మకం పెరిగింది, గురి పెరగలేదు. చదువులోనూ ఇదే తంతు. రోడిగర్, కార్పికె 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఒక జట్టు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివింది. ఇంకో జట్టు ఒక విడత చదివి, ఆ తర్వాత చూడకుండా గుర్తున్నదంతా మూడుసార్లు రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివిన జట్టుదే పైచేయి. వారం తర్వాత ఆ జట్టుకు గుర్తున్నది 40 శాతం, రాసిన జట్టుకు 61 శాతం.

ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారి దగ్గర ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఒక ఫైల్లో ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ తీసుకుందాం. వీడియోలో చూస్తూ టైప్ చేస్తే మొదటిసారే నడుస్తుంది. మర్నాడు ఖాళీ ఫైల్ తెరిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. పదాలను వరసగా పేర్చే లిస్టు వాడాలా, ఒక్కో పదం పక్కన దాని లెక్క దాచే డిక్షనరీ వాడాలా అన్న నిర్ణయం నిన్న చెప్పేవారు తీసుకున్నారు కాబట్టి. అందుకే ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు చూసి, వీడియో మూసేసి, ఖాళీ ఫైల్లో సొంతంగా రాయాలి. పదం కనపడగానే దాని లెక్కకు ఒకటి కలపమని రాస్తారు, వెంటనే కీఎర్రర్ వస్తుంది. ఎర్రర్ సందేశంలో ముందు చివరి వరస చదవాలి, అసలు సంగతి అక్కడే ఉంటుంది. ఆ పదం డిక్షనరీలో ఇంకా చేరలేదు, లేనిదానికి ఒకటి కలపమన్నాం. ఈ తప్పు స్వయంగా చేసినవారికి, పదం లేకపోతే సున్నా నుంచి మొదలుపెట్టమనే గెట్ ఎందుకుందో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. చూస్తూ టైప్ చేసినవారికి అది మరో అక్షరాల వరస, అంతే. పని పూర్తయ్యాక షరతు ఒకటి మార్చాలి: పెద్ద, చిన్న అక్షరాలను ఒకటిగా చూడాలి, లేదా ఎక్కువసార్లు వచ్చిన పది పదాలే ఇవ్వాలి. అది వీడియో చూడకుండా చేయగలిగితేనే ఆ పాఠం వచ్చినట్టు.

మరిచిపోవడానికి మందు పాతదే. కొత్తగా నేర్చుకున్నది ఎంత వేగంగా జారిపోతుందో జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే కొలిచి చూపాడు. కాస్త మరిచిపోయాక మళ్లీ గుర్తు తెచ్చుకోవడం, ఆ ఎడాన్ని పెంచుకుంటూ పోవడం ఆంకీ లాంటి యాప్‌లు చేసే పని. ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు ఉన్న కార్డులను అవి చూపిస్తాయి. చెడేది లెక్క దగ్గర. రోజుకు పది కొత్త కార్డులు వేసుకుంటే కొన్ని వారాల్లో రోజూ డెబ్బై నుంచి వంద దాకా పాత కార్డులు ఎదురొస్తాయి. ఉత్సాహంలో యాభై వేసుకున్నవారు నాలుగు రోజులు తప్పితే గుట్ట పేరుకుంటుంది, యాప్ ఫోన్‌లోంచి పోతుంది. గుట్ట పడితే కొత్త కార్డులు పూర్తిగా ఆపి, పాతవి తరిగాకే మళ్లీ మొదలుపెట్టాలి. ఒక కార్డు ఒక్క విషయమే అడగాలి. అర్థం కానిదాన్ని కార్డులోకి ఎక్కించకూడదు.

ఇప్పుడు చాట్‌బాట్లు వచ్చాయి కదా, దిద్దే మనిషి దొరికినట్టే అనుకుంటున్నారు. తుర్కియేలో దాదాపు వెయ్యిమంది హైస్కూలు విద్యార్థులతో లెక్కల మీద జరిగిన పరిశోధన చూడండి. మామూలు చాట్‌బాట్ ఇచ్చిన పిల్లలు సాధనలో 48 శాతం మెరుగ్గా చేశారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు వాడనివారి కంటే 17 శాతం వెనకబడ్డారు. జవాబు ఇవ్వకుండా, ఉపాధ్యాయులు తయారుచేసిన సూచనలే ఇచ్చే రకం వాడినవారికి ఆ నష్టం దాదాపుగా లేదు. అంటే అడిగే పద్ధతిలోనే ఉంది కిటుకు. ముందు కాగితం మీద సొంత ప్రయత్నం చేసి, దాన్నే పెట్టి, 'నేను మొదట తప్పింది ఏ వరసలో? వరస మాత్రం చెప్పు, జవాబు వద్దు' అనాలి. బాట్ తప్పు చెప్పినా నదురూ బెదురూ లేకుండా చెబుతుంది, మనం గట్టిగా అంటే మనకే తలూపుతుంది. కాబట్టి సమీకరణం జవాబును తిరిగి సమీకరణంలో వేసి చూడాలి, కోడ్‌ను నడిపి చూడాలి. అలా సరిచూసుకునే వీలు లేని విషయాల్లో దాని మాటను తుదితీర్పుగా తీసుకోకూడదు.

మన తప్పు మనకు వినపడని విద్యలు వేరే ఉన్నాయి. పరభాష ఉచ్చారణ, వయొలిన్ కమాను పట్టు, వ్యాసరచన. సొంత గొంతు రికార్డు చేసి అసలుతో పోల్చుకుంటే కొంత తెలుస్తుంది, చెవి పట్టలేని తప్పు మాత్రం తెలియదు. అందుకే స్వయంగా నేర్చుకునేవారు డబ్బు పెట్టేదుంటే కోర్సుల మీద కాదు, దిద్దించుకోవడం మీద పెట్టాలి. పాఠాలు ఉచితంగానే దొరుకుతున్నాయి. కాలేజీలు కూడా బయటివారికి మరో వీడియో కోర్సు తయారుచేసేకన్నా, నెలకోసారి పరీక్ష పెట్టి దిద్దిన కాగితం చేతికిస్తే ఎక్కువ మేలు. తెలిసినవారు రెండు వారాలకోసారి అరగంట ఇచ్చినా చాలు. ఆ అరగంటకు చిక్కుపడ్డ మూడు చోట్లు, ప్రతి చోటా ఏం ప్రయత్నించారో ఒక్కో వాక్యం రాసి ముందురోజే పంపాలి. లేకపోతే ఎదుటివారు పాఠం మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెడతారు.