సవరణ: పలక మీద టిక్కీకి (మిర్చి బస్తాకి) ఘర్షణ 184 కాదు, 134 న్యూటన్లు

గుంటూరు మిర్చి యార్డు ఉదాహరణతో మొన్న పెట్టిన లెక్కలో తప్పు దొర్లింది. తప్పు నాదే. లారీకి ఆనించిన 20 డిగ్రీల వాలు పలక మీద కదలకుండా ఉన్న 40 కిలోల టిక్కీ, స్థైతిక ఘర్షణ గుణకం (కదలకుండా ఉన్నప్పుడు ఘర్షణ ఎంత దాకా ఆపగలదో చెప్పే సంఖ్య) 0.5. ఘర్షణ బలం 184 న్యూటన్లని రాశాను.

184 అనేది గరిష్ఠ హద్దు మాత్రమే: 0.5 × 392 × కాస్ 20 (392 న్యూటన్లు టిక్కీ బరువు, 40 × 9.8). టిక్కీని కిందికి లాగేది 392 × సైన్ 20, అంటే 134 న్యూటన్లు. కదలడం లేదు కాబట్టి ఘర్షణా అంతే, పలక వెంట పైకి. నిజంగా 184 ఉంటే మిగిలిన 50 న్యూటన్లతో టిక్కీ తనంతట తానే లారీ ఎక్కేయాలి! హమాలీల పని తేలికయ్యేది.

ఇంటర్ మొదటి సంవత్సరం పుస్తకంలో, గమన నియమాల పాఠంలో ఉన్నదీ ఇదే: స్థైతిక ఘర్షణ అవసరమైనంతే పుడుతుంది. కాబట్టి ముందు నిశ్చలంగా ఉందనుకుని కావలసిన ఘర్షణ కట్టండి, తర్వాత హద్దుతో పోల్చండి. హద్దు దాటితేనే జారుతుంది. అప్పుడు గతిక గుణకం (జారుతున్నప్పటి ఘర్షణ గుణకం) వాడాలి. పై నుంచి ఎవరైనా పలక వెంట కిందికి 60 న్యూటన్లతో నెడితే 194 కావాలి, జారుతుంది. ఏమీ నెట్టకపోతే 26.6 డిగ్రీల వాలు దాకా ఆగుతుంది.

కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో లేదో చూసుకోండి. రేడియన్లలో ఉంటే సైన్ 20 విలువ 0.913 వస్తుంది.