టికెట్ లేనివాడి కోసం వేసిన తాళం

పోయిన నెల ఓ పెళ్లికి వెళ్లాను. హాలు కిటకిటలాడుతోంది. భోజనాల గది పక్క తలుపు మీద ‘ఎగ్జిట్’ అని ఎర్ర లైటు వెలుగుతోంది. దాని కిందే రెండు పిడులనూ కలిపి చుట్టిన గొలుసు, గొలుసుకు అరచేయంత తాళం. ఇదేంటయ్యా అని సూపర్‌వైజర్‌ని అడిగితే, "తెరిచి పెడితే పిలవనివాళ్లు దూరి తినిపోతారు సార్" అన్నాడు. తాళంచెవి మేనేజర్ దగ్గరుందట. మేనేజర్ ఎక్కడో బయటికెళ్లాడట.

2025 డిసెంబరులో గోవాలోని అర్పోరాలో ఓ నైట్‌క్లబ్ తగలబడి 25 మంది చనిపోయాక చర్చంతా బాణసంచా, అనుమతులు, విదేశానికి ఉడాయించిన యజమానుల చుట్టూనే తిరిగింది. ఆ కథ అందరికీ తెలిసిందే. నా గొడవ వేరు. ఇలాంటి చోట్ల చాలామంది ప్రాణాలు తీసేది మంట కాదు, పొగ. పొగలోంచి బయటపడే దారిని చేజేతులా మూసేది మనమే. ఎందుకు మూస్తున్నామో ఒకసారి చూడండి.

1903లో షికాగో ఇరోక్వా థియేటర్‌లో 600 మందికి పైగా చనిపోయారు. చవక టికెట్టువాళ్లు కిందికి దిగి ఖరీదైన సీట్లలో కూర్చుంటారేమోనని మెట్ల దగ్గర ఇనుప గేట్లకు తాళాలు వేశారు. 1942లో బోస్టన్ కోకోనట్ గ్రోవ్ క్లబ్‌లో 492 మంది పోయారు. బిల్లు కట్టకుండా జారుకుంటారని అక్కడ పక్క తలుపులు బిగించేశారు. 2013లో బ్రెజిల్‌లోని కిస్ క్లబ్‌లో 242 మంది. బిల్లు ఎగ్గొట్టి పోతున్నారనుకుని, పరుగెత్తుకొస్తున్నవాళ్లను గేటు దగ్గర మొదట ఆపింది సెక్యూరిటీవాళ్లే! నూటపదేళ్ల తేడా ఉన్నా భయం మారలేదు. నిప్పు భయం కాదు, దొంగ భయం.

మన ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు సంగతికొస్తే, దొంగ భయానికి ఆశ కూడా తోడైంది. 1997 జూన్ 13, మధ్యాహ్నం ఆట. కింద పార్కింగ్ దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుంది. పొగ నేరుగా బాల్కనీకి ఎక్కింది. అక్కడ నడిచే దారిలో అదనపు సీట్లు వేసి ఉన్నాయి. కుడివైపు బయటికి పోయే దారిని యజమానుల కుటుంబం కోసం కట్టిన ఎనిమిది సీట్ల బాక్సు మింగేసింది. ఉన్న తలుపుకు గడియ. గేట్‌కీపర్ ఎప్పుడో వెళ్లిపోయాడు. లైట్లు పోయాయి, మైకులో చెప్పే దిక్కు లేదు. 59 మంది చనిపోయారు. ఆ సీట్ల మీద వచ్చిన టికెట్ డబ్బులెంతో గానీ, 2015లో సుప్రీంకోర్టు యజమానులైన ఇద్దరు అన్నదమ్ములకూ వేసిన జరిమానా తలా 30 కోట్లు.

స్ప్రింక్లర్లు, ఎన్‌ఓసీలు, వైరింగ్ తనిఖీలు అక్కర్లేదా అంటారు. కావాలి, ఎవరు కాదన్నారు? టికెట్ లేకుండా దూరేవాళ్లున్న మాటా నిజమే, థియేటర్ నడిపేవాడి బాధ నాకు తెలుసు. కానీ దానికి మందు వందేళ్ల కిందటే దొరికింది. షికాగో ఘోరం తర్వాత పానిక్ బార్, అంటే తలుపుకు అడ్డంగా బిగించే కడ్డీ, బాగా వాడకంలోకి వచ్చింది. బయటి నుంచి రానివ్వదు, లోపలి నుంచి ఒంటి బరువు ఆనిస్తే తెరుచుకుంటుంది. లోపలివాళ్లు తాళంచెవి లేకుండానే తలుపు తీసుకోగలగాలని మన నేషనల్ బిల్డింగ్ కోడ్ కూడా చెబుతోంది. చిత్రమేమిటంటే, బోస్టన్ క్లబ్‌లో ఓ తలుపుకు ఆ బార్ ఉండనే ఉంది. దాని మీద ఇంకో గడియ వేశారు.

అందుకే ఇది సామాను లేక వచ్చిన కష్టం కాదంటాను. మనిషిని నమ్మకపోవడం మన ఒంట్లో ఉంది. అమ్మాయిల హాస్టల్‌కు రాత్రి తొమ్మిదికి బయటి నుంచి తాళం. అపార్ట్‌మెంట్ బాల్కనీలకు పిట్ట కూడా దూరని గ్రిల్స్. టెర్రస్ తాళంచెవి అసోసియేషన్ సెక్రటరీ జేబులో. అందరిదీ ఒకటే లెక్క: దొంగ రోజూ వస్తాడు, నిప్పు ఎప్పుడో గానీ రాదు.

ఫైర్ అధికారులు లైసెన్స్ రెన్యువల్‌కు పగటిపూట, ముందే కబురు పెట్టి వస్తున్నారు. ఆ పూట తాళాలు ఉండవు. శనివారం సెకండ్ షోకి, ఇంటర్వెల్ అయిన పావుగంటకి, ఫైలు పట్టుకోకుండా మామూలు బట్టల్లో రమ్మనండి. టికెట్ కొనుక్కుని లోపలికెళ్లి, చీకట్లో ఆ ఎగ్జిట్ తలుపును ఒక్కసారి తోసి చూడమనండి.